పాత కెమెరాకు కొత్త సెల్లు

రాజుల చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. మామూలు మనుషులు వాడిన వస్తువుల చరిత్ర మాత్రం అటకల మీద, ట్రంకు పెట్టెల్లో, పాత సామాన్ల అంగళ్ళలో వెతుక్కోవాలి. ఇళ్ళలో సినిమా తీసుకునే కెమెరాల చరిత్ర అటువంటిదే. ఆ కెమెరాల్లో బొత్తాం అంత బ్యాటరీ ఒకటి ఉండేది. ఇప్పుడు ఏ అంగట్లో అడిగినా లేదంటారు. అది ఎలా వచ్చింది, ఎందుకు పోయింది, దాని బదులు ఏం పెట్టుకోవచ్చు అన్నదే ఈ వ్యాసం.

సినిమా పుట్టిన కొత్తలో ఫిల్ము సులభంగా అంటుకునేది. అందుచేత ఇళ్ళలో వాడటం ప్రమాదం. 1923లో కొడాక్ కంపెనీ తొందరగా మంట అంటుకోని 16 మిల్లీమీటర్ల ఫిల్మును, దానికి తగిన కెమెరాను ఇళ్ళవాళ్ళ కోసం తెచ్చింది. 1932లో ఖర్చు తగ్గించడానికి 8 మిల్లీమీటర్ల పద్ధతి వచ్చింది. 16 మిల్లీమీటర్ల ఫిల్మునే ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క తిప్పి, కడిగిన తరువాత నడిమికి చీల్చేవాళ్ళు. ఆ కాలపు కెమెరాలు చాలావాటికి బ్యాటరీ అక్కరలేదు. గోడ గడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే స్ప్రింగు బలంతో నడిచేవి. అందుకే వాటిలో కొన్ని ఈనాటికీ నడుస్తున్నాయి.

1965లో సూపర్ 8 వచ్చింది. ఫిల్ము ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. డబ్బాను కెమెరాలోకి తోసి మీట నొక్కితే చాలు, మోటారు తిప్పుతుంది. ఒక డబ్బాలో 50 అడుగుల ఫిల్ము. సెకనుకు 18 బొమ్మల లెక్కన 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది. దీనితో కెమెరా నేర్చుకోవడం సులభమైంది కానీ, కెమెరా ప్రాణం బ్యాటరీ చేతికి పోయింది.

మా తాతయ్య దగ్గర ఉన్నది జపాన్‌లో తయారైన సూపర్ 8 కెమెరా. మద్రాసులో బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజారులో బేరమాడి కొన్నారని నాయనమ్మ చెప్పింది. బర్మా నుంచి తిరిగి వచ్చినవాళ్ళకు బతుకుతెరువుగా ఏర్పడిన బజారు అది. విదేశీ సామాన్లకు పేరు. కెమెరాతోపాటు నాలుగు రీళ్ళు దొరికాయి. ఆ రీళ్ళలో నాయనమ్మ ఉంది, మా నాయన చిన్నపిల్లవాడుగా ఉన్నాడు, పాత ఇంటి అరుగు ఉంది. తాతయ్య మాత్రం ఒక్కచోట కూడా కనబడరు. కెమెరా పట్టుకున్నది ఆయనే కదా! ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ కెమెరాను మళ్ళీ నడిపించాలని నాకు అందుకే అనిపించింది.

దానికి రెండు చోట్ల బ్యాటరీలు పట్టాలి. పిడిలో నాలుగు పెన్సిల్ సెల్లులు. అవి మోటారుకు. ఏ కిరాణా అంగట్లో అయినా దొరుకుతాయి. పక్కన చిన్న మూత కింద రెండు బొత్తాం సెల్లులు. అవి వెలుతురు కొలిచే మీటరుకు. వాటి మీద పీఎక్స్ 625 అని ఉంది. రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్ళు నాలుగైదు తిరిగాము. ఒకాయన సెల్లును చేతిలో తిప్పి చూసి, "ఇది పాదరసం సెల్లు బాబూ, ఇప్పుడు రాదు" అన్నాడు.

పాదరసం సెల్లును తయారుచేసింది అమెరికాకు చెందిన శామ్యూల్ రూబెన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేడి దేశాల్లో మామూలు బ్యాటరీలు తొందరగా పాడైపోయేవి. సైన్యానికి ఎండను తట్టుకునే బ్యాటరీ కావలసి వచ్చింది. రూబెన్ సెల్లు ఆ పనికి సరిపోయింది. దాన్ని తయారుచేసిన మాలరీ కంపెనీయే తరువాత డ్యూరాసెల్ అయింది. ఈ సెల్లు గొప్పతనం ఏమిటంటే, 1.35 వోల్టుల దగ్గర మొదలై దాదాపు చివరిదాకా అక్కడే నిలబడుతుంది. మామూలు సెల్లు వాడేకొద్దీ వోల్టేజి దిగిపోతుంది. కొలిచే పనికి నిలకడ కావాలి కాబట్టి కెమెరా కంపెనీలు పాదరసం సెల్లును నమ్ముకున్నాయి.

మరి ఎందుకు పోయింది? జపాన్‌లో మినమాటా అనే ఊరిలో ఒక రసాయన ఫ్యాక్టరీ పాదరసం కలిసిన నీళ్ళను సముద్రంలోకి వదిలింది. అది చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరింది. మొదట పిల్లులు గిలగిల కొట్టుకుని చచ్చిపోయాయి. తరువాత జాలర్ల పిల్లలకు నడక, మాట పడిపోయాయి. ఆ జబ్బు 1956లో బయటపడింది. అది బ్యాటరీల వల్ల వచ్చింది కాదు. కానీ పారేసిన పాదరసం ఎక్కడికీ పోదని, తిరిగి మన కంచంలోకే వస్తుందని లోకానికి తెలిసింది. మన తమిళనాడులోనే కొడైకెనాల్‌లో ఒక థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. పాదరసం అంటుకున్న గాజు పెంకులు పాత సామాన్ల అంగట్లో బయటపడ్డాయి.

అమెరికా 1996లో చట్టం చేసి పాదరసం సెల్లుల అమ్మకాన్ని ఆపింది. 1998లో ఐరోపా దేశాలు కూడా అదే దారి పట్టాయి. 2013లో దేశాలన్నీ కలిసి చేసుకున్న పాదరసం ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. 2018లో మన దేశం దాన్ని ఆమోదించింది.

ఇప్పుడు బదులు ఏం పెట్టాలి? దీనికి మూడు దారులున్నాయి. మొదటిది అదే కొలతలో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్లు. ఇది సులభం, కానీ మీటరును మోసం చేస్తుంది. వోల్టేజి ఎక్కువైతే ముల్లు ఎక్కువ కదులుతుంది. వెలుతురు చాలా ఉందనుకుని కెమెరా తన కంటిపాపను చిన్నది చేసుకుంటుంది. బొమ్మలు చీకటిగా వస్తాయి. పైగా వోల్టేజి రోజురోజుకూ దిగుతుంది కాబట్టి తప్పు కూడా మారుతూ ఉంటుంది. రెండోది 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్లు. దాని వోల్టేజి నిలకడగా ఉంటుంది. మధ్యలో షాట్కీ డయోడు అనే చిన్న భాగం పెడితే సుమారు 0.2 వోల్టులు తగ్గి పాత లెక్కకు వస్తుంది. మూడోది చెవిటి మిషన్లలో వేసే 675 నంబరు జింక్-ఎయిర్ సెల్లు. దీని వోల్టేజి 1.4. పాతదానికి చాలా దగ్గర. పైనున్న స్టిక్కరు తీస్తే చిల్లుల్లోంచి గాలి పోయి పనిచేయడం మొదలవుతుంది. అయితే ఒకసారి స్టిక్కరు తీశాక వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లోనే అయిపోతుంది.

మేము మూడో దారి ఎంచుకున్నాము. బడి ల్యాబులో వెర్నియర్‌తో కొలిస్తే పాత సెల్లు అడ్డం సుమారు 15.6 మిల్లీమీటర్లు, కొత్తది 11.6. ఆ ఖాళీలో కుళాయి రబ్బరు వాషరు కోసి పెట్టాము. గాలి చిల్లులు మూసుకోకుండా చూశాము. సెల్లు కూర్చునే చోట పట్టిన పచ్చని తుప్పును సన్నటి గరుకు కాగితంతో గీకాము. కిటికీ వైపు తిప్పితే ముల్లు లేచింది, గోడ వైపు తిప్పితే పడింది. సైన్సు మాస్టారు తన కెమెరాలోని మీటరుతో పోల్చి చూసి, పరవాలేదన్నారు. సూపర్ 8 ఫిల్ము ఇప్పటికీ తయారవుతోంది. ధర మాత్రం ఎక్కువ. ఒక డబ్బాకు డబ్బు కూడబెడుతున్నాను.

పాత పాదరసం సెల్లులు రెండింటినీ నాయనమ్మ చెత్తబుట్టలో వేయబోతే ఆపాను. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదు. మూత ఉన్న సీసాలో పెట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చివచ్చాము.

ఈ పనిలో నాకు అర్థమైంది ఒకటే. కెమెరా చెడిపోలేదు, దానికి తిండి దొరకలేదు, అంతే. ఆ తిండి దొరకకుండా చేసినవాళ్ళది తప్పు కాదు. జాలర్ల పిల్లల కన్నా తాతయ్య కెమెరా గొప్పది కాదు. విషం లేకుండా దాన్ని నడిపించే దారి వెతుక్కోవడం మన పని. మీ ఇళ్ళలో కూడా ఇటువంటి కెమెరా, రేడియో, గడియారం ఏదైనా ఉంటే తుక్కువాడికి వేసే ముందు వెనక మూత తీసి చూడండి. పాత సెల్లు ఉంటే ముందు దాన్ని బయటకు తీయండి. తరువాత అది ఎవరు కొన్నారో, ఎక్కడ కొన్నారో పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టుకోండి.