బసంతర్ నుంచి జాఫ్నా దాకా: సికింద్రాబాద్ డివిజన్ కథ

మన శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్, చిన్న రోహిణి-125, 1971 అక్టోబర్ 9న ఎగిరింది. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. మొదటి సంగతి కాలనీలో పెరిగిన మనందరికీ తెలుసు. రెండో దాంట్లో మన సికింద్రాబాద్ నుంచి వెళ్ళిన సైన్యం ఏం చేసిందో నాకు చాలా ఏళ్ళు తెలియదు.

అది 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్. డివిజన్ అంటే కొన్ని బ్రిగేడ్లు, వాటికి తోడు ఫిరంగి దళం, ఇంజనీర్లు కలిసిన పది వేల మందికి పైబడిన సైన్యం. 1971లో మేజర్ జనరల్ డబ్ల్యు.ఎ.జి. పింటో నాయకత్వంలో ఇది షకర్‌గఢ్ ప్రాంతంలో పోరాడింది. డిసెంబర్ 15 రాత్రి 47వ బ్రిగేడ్ బసంతర్ నది దాటి అవతలి ఒడ్డు పట్టుకుంది. వాళ్ళకు తోడుగా ట్యాంకులు వెళ్ళాలంటే మధ్యలో మందుపాతరలు. ఇంజనీర్లు దారి సగం శుభ్రం చేసేసరికే శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని కబురు వచ్చింది. పూనా హార్స్ ట్యాంకులు ఆ సగం దారిలోనే ముందుకు సాగాయి.

మర్నాడు, కాలిపోతున్న ట్యాంకు వదిలి రమ్మన్నా రాకుండా పోరాడి ప్రాణమిచ్చిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ వయసు 21. గాయాలతోనే తన జవాన్లను నిలబెట్టిన గ్రెనేడియర్స్ మేజర్ హోషియార్ సింగ్ బతికి బయటపడ్డారు. ఆ యుద్ధంలో ఇచ్చిన పరమవీర చక్రలు మొత్తం నాలుగు. అందులో రెండు ఈ పోరులోవే. మందుపాతరలు తీయించిన 9వ ఇంజనీర్ రెజిమెంట్ మేజర్ విజయ్ రతన్ చౌధరికి మరణానంతరం మహావీర్ చక్ర వచ్చింది. ఇంజనీరుగా నాకు ఆయన పేరు దగ్గర చదువు కాసేపు ఆగిపోతుంది.

పదహారేళ్ళ తర్వాత అదే డివిజన్ శ్రీలంక వెళ్ళింది. 1987 జులై 29న ఒప్పందం కుదరగానే మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ నాయకత్వంలో విమానాల్లో జాఫ్నా చేరింది. అప్పుడు నేను పదో తరగతి. సిలోన్ అంటే మనకు రేడియోలో పాటలే గాని, యుద్ధం తెలియదు. వెళ్ళిన జవాన్లదీ ఇంచుమించు అదే పరిస్థితి. వాళ్ళను పంపింది శాంతి కాపాడమని. అక్టోబర్ కల్లా ఎల్‌టీటీఈతో యుద్ధం చేయాల్సి వచ్చింది.

అక్టోబర్ 11 అర్ధరాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది. కాల్పుల ధాటికి వెనకాల రావాల్సిన వాళ్ళు దిగలేకపోయారు. 29 మంది చనిపోయారు, ఒక్కరు బందీగా చిక్కారు. నవంబర్ 25న మహార్ రెజిమెంట్ మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందారు. తర్వాత మరో మూడు డివిజన్లు చేరాయి. దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. చివరి దళం 1990 మార్చి 24న ట్రింకోమలీ విడిచింది. మద్రాసులో స్వాగతానికి ముఖ్యమంత్రి రాలేదు.

మార్చి 24 మనకూ తెలిసిన తేదీయే. 1987లో ఆ రోజే మొదటి ఎఎస్‌ఎల్‌వి విఫలమైంది. 1988 జులైలో రెండోదీ పోయింది. కాలనీలో అందరి ముఖాలూ వాడిపోవడం నాకు గుర్తుంది. కానీ ఆ పనిచేసినవాళ్ళను ఎవరూ మరిచిపోలేదు. ఎక్కడ తప్పిందో వెతికి, సరిచేసి, 1992 మే 20న మూడోదాన్ని విజయవంతంగా పంపారు.

మా క్లాసులో ఒకడి అన్నయ్య శ్రీలంక నుంచి కుంటుతూ తిరిగొచ్చాడు. సూళ్ళూరుపేట బస్టాండులో కనిపిస్తే "బాగున్నావా అన్నా" అనేవాళ్ళం. అంతే. అక్కడ ఏం జరిగిందని ఒక్కసారీ అడగలేదు. బసంతర్ నుంచి వచ్చి ఉంటే చుట్టూ మూగేవాళ్ళం. ఆయన ఇప్పుడు లేరు.

గెలిచిన రాకెట్టునూ పడిపోయిన రాకెట్టునూ ఒకే శ్రద్ధతో చదివే చోట పెరిగినవాళ్ళం మనం. ఒకే డివిజన్ చేసిన రెండు యుద్ధాల్లో ఒకదాన్నే గుర్తుంచుకోవడం మనకు తగదు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఆ రోజుల నాటి జవాను ఉంటే, ఈసారి పక్కన కూర్చుని అడగండి.