‘షిరాజ్’ పేరుతో అమ్ముడైన గుడారాల తివాచీలు

పాత ఇరాన్ తివాచీల వ్యాపారంలో ‘షిరాజ్’ పేరు తరచూ వినిపిస్తుంది. కానీ ఆ పేరుతో అమ్ముడైన వాటిలో చాలా తివాచీలు షిరాజ్ నగరంలో నేసినవి కావు. దక్షిణ ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతంలో గొర్రెలు, మేకలు మేపుకుంటూ తిరిగే ఖష్గాయీ, ఖమ్‌సా తెగల ఆడవాళ్లు గుడారాల దగ్గర నేసినవి. సరుకు ఏ బజార్‌లో చేతులు మారితే ఆ ఊరి పేరే దానికి అంటుకుంది. వీటిలో మేలైనవాటిని పాశ్చాత్య వ్యాపారులు ఒకప్పుడు ‘మక్కా షిరాజ్’ అని కూడా పిలిచేవారు. హాజీలు వెంట తీసుకెళ్లి అక్కడ అమ్ముకునేవారని కారణం చెప్పేవారు. నేసిన ఆమె పేరు మాత్రం ఏ పట్టీలోనూ లేదు.

ఖష్గాయీలు తుర్కీ మాట్లాడే తెగలవాళ్లు. చలికాలం గల్ఫ్ వైపు వెచ్చటి నేలల్లో ఉంటారు, ఎండాకాలం జాగ్రోస్ కొండలెక్కుతారు. ఖమ్‌సా అంటే అరబ్బీలో ఐదు. అరబ్, బాసెరీ, బహార్లూ, ఐనాలూ, నఫర్ తెగలు కలిసిన కూటమి అది.

వీళ్ల మగ్గం నేల మీదే పరుచుకుని ఉంటుంది. మేకులు దిగ్గొట్టి, రెండు దుంగల మధ్య పడుగు బిగిస్తారు. వలస వేళ వచ్చిందంటే మేకులు పీకి, సగం నేసిన తివాచీని ఆ దుంగలకే చుట్టి పశువు మీద వేస్తారు. మళ్లీ దిగిన చోట బిగిస్తే మునుపటి బిగువు రాదు. అందుకే పాత తివాచీ ఒక కొస వెడల్పుగా, ఇంకో కొస ఇరుకుగా ఉండొచ్చు. రంగు కూడా అంతే. చిన్న కుండల్లో విడతలవారీగా అద్దుతారు కాబట్టి ఒకే ఎరుపులో చారల్లా తేడా కనిపిస్తుంది. దీన్ని ‘అబ్రష్’ అంటారు. కొత్తగా కొనేవాళ్లు లోపమనుకుని బేరం తగ్గించమంటారు, తెలిసినవాళ్లు దాన్ని చూసే ఇష్టపడతారు.

కాషాన్, కిర్మాన్ లాంటి నగరాల కార్ఖానాల్లో సాధారణంగా నూలు పడుగు మీద, కాగితంపై గీసిన నఖ్షా చూసి నేస్తారు. గుడారంలో కాగితం లేదు. పడుగూ పేకా కూడా ఎక్కువగా సొంత మందల ఉన్నే. నమూనా తల్లి దగ్గర నేర్చుకున్నది.

ఎరుపు మంజిష్ఠ వేరు నుంచి, నీలం నీలిమందు నుంచి, గోధుమ రంగు అక్రోట్ తొక్క నుంచి వచ్చేవి. 19వ శతాబ్దం రెండో సగంలో యూరప్ రసాయన రంగులు దిగాయి. ఇరాన్ ప్రభుత్వం నిషేధించినా ఆగలేదు. వందేళ్లు దాటిన తివాచీనే వ్యాపారులు ‘యాంటిక్’ అంటారు, అయితే వయసు ఒక్కటీ చూస్తే సరిపోదు. పోగులు విడదీసి మొదలు దాకా చూడాలి. పైన బూడిదరంగు, లోపల గాఢమైన ఊదా కనిపిస్తే అది వెలిసిపోయిన తొలితరం రసాయన రంగు కావచ్చు.

ఖురాసాన్ వైపు బలూచీలు నేసిన జానమాజ్‌లది వేరే అందం. ముదురు ఎరుపు, నీలాల మధ్య ఒంటె రంగు నేల, పైన మెహ్రాబ్, దాంట్లో కొమ్మలు చాచిన చెట్టు. కొన్నింటిలో సజ్దాలో చేతులు ఆనించే చోట అరచేతుల గుర్తులు కూడా నేశారు. ఇవన్నీ అమ్మకానికే నేసినవి కావు. ఉప్పు సంచి ‘నమక్‌దాన్’నే చూడండి. మేకలు తల దూర్చకుండా దాని మెడ ఇరుగ్గా నేస్తారు!

1930లలో రెజా షా ప్రభుత్వం వలసలను బలవంతంగా ఆపించింది. దారులు మూసుకుపోయి మందలు చచ్చాయి, కుటుంబాలు చితికిపోయాయి. 1941లో ఆయన గద్దె దిగాక చాలామంది మళ్లీ దారి పట్టారు, కానీ పోయిన మందలు తిరిగి రాలేదు. 2010లో యునెస్కో ఫార్స్ నేతను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఉన్ని కత్తిరించడం, మగ్గం కట్టడం మగవాళ్ల పని. వడకడం, రంగులద్దడం, నేయడం ఆడవాళ్లది. ఇప్పటికీ తల్లులే కూతుళ్లకు నేర్పుతున్నారు.