ఆదివారం తరగతులు, అంబేద్కర్ పేరు

స్వర్ణోత్సవ సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. విజయనగర రాజుల గురించి, గుత్తి కోట గురించి, మన్రో దొర గురించి రాయగలవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నేను ఒక విశ్వవిద్యాలయం గురించి రాస్తాను. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. కానీ మన బడిలో చదువు మధ్యలో ఆపేసిన కొందరికి పట్టా ఇచ్చింది అదే: డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం.

మన రోజుల్లో ఆరో తరగతిలో బెంచీలు చాలేవి కావు. పదో తరగతికి వచ్చేసరికి కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లం. తగ్గినవాళ్లు మొద్దులు కారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే నేల మనది. అది కూడా సమయానికి పడదు. శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు ఒక్క పదును తప్పితే కాయ ఉండదు, కట్టె మిగులుతుంది. ఆ ఏడు అమ్మానాన్నలు బెంగళూరుకు బేల్దారి పనికి పోతారు. వెంట పెద్ద పిల్లనో పిల్లోణ్ణో తీసుకుపోతారు. మళ్లీ వానలు పడ్డాక వాళ్లు ఊరికి వస్తారు గానీ బడికి రారు. జిల్లాలో కాలేజీలు లేక కాదు. ఆర్ట్స్ కాలేజీ 1916 నుంచే ఉంది, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. కానీ ఆ గేటు దాటాలంటే పది, ఇంటరు మెట్లు వరసగా ఎక్కి ఉండాలి. ఒక మెట్టు కరువులో కొట్టుకుపోయినవాడికి దారి లేదు.

ఆ దారి 1982లో తెరుచుకుంది. ఆ ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరుతో పెట్టింది 1985లో. అక్కడికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లిన ఆచార్య జి. రాంరెడ్డి అంతకుముందు ఇక్కడ మొదటి వైస్ ఛాన్సలరే. ఇంటరు లేకపోయినా అర్హత పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేరే వీలుండేది. పాఠాలు తెలుగులో అచ్చయి వస్తాయి. రేడియోలో వినవచ్చు. సెలవు రోజున దగ్గర్లోని అధ్యయన కేంద్రానికి పోతే అధ్యాపకులు సందేహాలు తీరుస్తారు. మన వాళ్లకు ఆ కేంద్రం అనంతపురం ఆర్ట్స్ కాలేజీగా ఉండేది.

అంబేద్కర్ పేరు దానికి 1991లో, ఆయన శతజయంతి రోజుల్లో వచ్చింది. విశ్వవిద్యాలయాలు ఆయన్ను గౌరవించడం అప్పటికి కొత్త కాదు. కొలంబియా 1952లో, ఉస్మానియా 1953లో గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. అవి ఒక మహా పండితుడికి పండితులు చేసిన మర్యాద. 1991లో జరిగింది వేరు. ఏ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారో చూడండి: బడి మధ్యలో ఆగినవాళ్లు చేరేదానికి. కావాలని ఆలోచించి పెట్టారో లేదో గానీ, అంతకంటే తగినది నాకు కనిపించదు.

ఎందుకంటే చదువు మధ్యలో ఆగిపోవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో లండన్ చదువు వదిలి రావలసి వచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, డబ్బు కూడబెట్టి, కొంత అప్పు చేసి 1920లో మళ్లీ వెళ్లారు. చదువు పూర్తి చేశారు. తర్వాత తానే పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు, పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం పొద్దుటి పూట తరగతులు నడిపించారు. మన ఆదివారం తరగతులకు అది పెద్దన్న అనుకోవచ్చు.

పేరు పెట్టడం చిన్న సంగతి కాదని అప్పటి మన పక్క రాష్ట్రం చూపించింది. ఔరంగాబాదులోని మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టాలని మహారాష్ట్ర శాసనసభ 1978 జూలై 27న తీర్మానిస్తే, పల్లెల్లో దళితుల ఇళ్లు తగలబెట్టారు, ప్రాణాలు తీశారు. చివరికి ఆ పేరు బోర్డు మీదికి ఎక్కడానికి 1994 జనవరి 14 దాకా పట్టింది. పదిహేనేళ్లకు పైగా! మన దగ్గర పేరు గొడవ లేకుండానే వచ్చింది. అందుకని మనం మెరుగని చంకలు గుద్దుకోవలసిన పని లేదు. అదే 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితులను వెంటాడి నరికి చంపారు. ఆయన పేరు పెట్టిన ఏడాదీ, ఆయన జనాన్ని నరికిన ఏడాదీ ఒకటే. చరిత్ర పాఠం చెప్పేవాడిగా ఈ రెంటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

ఆర్ట్స్ కాలేజీలో కొన్నేళ్లు ఆదివారాలు నేను కూడా పాఠాలు చెప్పాను. ముందు వరసలో ఆర్టీసీ కండక్టరు, వెనక కానిస్టేబులు, పక్కన అంగన్‌వాడీ అమ్మ, పదో తరగతి కాగానే పెళ్లయి పిల్లలు పెద్దయ్యాక పుస్తకం పట్టిన ఆడవాళ్లు. వారమంతా మేం రెగ్యులర్ విద్యార్థులకు చెప్పే పాఠమే. కానీ వీళ్లు నోట్సు అడిగేవాళ్లు కారు, ప్రశ్నలు అడిగేవాళ్లు. రాజ్యాంగం పదిహేడో అధికరణం, అంటరానితనం నిషేధం చెబుతున్న రోజున నాకంటే వయసులో పెద్దాయన ఒకరు లేచారు. "సార్, మా ఊర్లో హోటల్లో మాకు వేరే గ్లాసే గదా. ఈ పదిహేడు అక్కడికి ఇంకా రాలేదా సార్?" అన్నారు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ గంటంతా పుస్తకం మూసేసి ఆ గ్లాసు గురించే మాట్లాడుకున్నాం. అంబేద్కర్‌కు చిన్నప్పుడు బడిలో ప్యూను ఎత్తి పోస్తేనే నీళ్లు, ప్యూను రాని రోజున దప్పికే. నీటి కరువు ఎరిగిన మన జిల్లాలో ఆ సంగతికి వేరే వివరణ అక్కర్లేకపోయింది.

ఆ పుస్తకాలకు ఇంకో బతుకు కూడా ఉంది. గ్రూప్స్ రాసే పిల్లలను అడగండి, తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు ఉండి తీరుతాయి. అక్కడ ఎన్నడూ చేరనివాళ్లు కూడా పాత పుస్తకాల అంగట్లో వెతికి కొంటారు. మరోవైపు, తరగతికి రాకుండా గైడు కొని పరీక్షకు రెండు రోజుల ముందు చదివి గట్టెక్కేవాళ్లూ ఎక్కువయ్యారు. "ఓపెన్ డిగ్రీనా" అని మూతి విరిచేవాళ్లకు అదొక సాకు. ఏప్రిల్ 14న అన్ని కాలేజీల్లోనూ విగ్రహాలకు దండలు పడతాయి, ఉపన్యాసాలు జరుగుతాయి. తప్పేమీ లేదు. కానీ పొద్దున్నే మొదటి బస్సెక్కి కళ్యాణదుర్గం నుంచో కదిరి నుంచో క్లాసుకు వచ్చినవాళ్లు చేసిన గౌరవం ముందు నాకు ఆ దండ తేలిగ్గానే కనిపిస్తుంది.

ఇక మన సంగతి. మన సంఘం సభ్యత్వం పదో తరగతి బ్యాచ్‌ల ప్రకారం నడుస్తోంది. యాభై ఏళ్లుగా అంతే. ఏడులోనో ఎనిమిదిలోనో ఆగిపోయినవాళ్లు మన జాబితాలో లేరు. వాళ్లలో అంబేద్కర్ పేరున్న పట్టా పుచ్చుకున్నవాళ్లు నాకు తెలిసినంతలోనే కొందరున్నారు. ఒకామె ఎం.ఏ. కూడా చేసింది. ఈ మధ్య పెళ్లిలో కలిస్తే, "మీ ఫంక్షన్‌కు మమ్మల్ని పిలవరు గదన్నా, మేము పది పాస్ కాలేదు గదా" అంది నవ్వుతూ. బడి అడ్మిషన్ రిజిస్టర్లలో వాళ్ల పేర్లన్నీ ఉన్నాయి. సర్వసభ్య సమావేశంలో ఆ నిబంధన మార్చాలని నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్లు ముందే కార్యదర్శికి చెబితే, రిజిస్టర్లు తిరగేసి పేర్లు రాసే పని నేను చేస్తాను.