గుడి కప్పు మీద బొమ్మల కథలు

లేపాక్షి అంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది దుకాణం. పెళ్ళిలో చదివించటానికి కొండపల్లి బొమ్మో, కలంకారీ దుప్పటో కావాలంటే "లేపాక్షికి వెళ్దాం పద" అంటాం. ఆ దుకాణానికి పేరిచ్చిన ఊరు హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. క్రిందటి మాఘమాసంలో మావారూ, నేనూ, మా అమ్మాయి కొడుకూ వెళ్ళొచ్చాం.

మనవడికి ఎనిమిదేళ్ళు. రైలెక్కింది మొదలు తల ఎత్తకుండా అమర్ చిత్రకథ పుస్తకాలే. "ఈ బొమ్మల పుస్తకాలు పైదేశాల వాళ్ళు మనకంటించిన జబ్బు. అక్షరం చదవరు, బొమ్మలు చూసి తిప్పేస్తారు" అని మావారు ధర్మవరం దాటేదాకా సణుగుతూనే ఉన్నారు. అసలా పుస్తకాలు పుట్టింది ఇలాంటి సణుగుడులోంచే. 1967లో అనంత్ పాయ్ గారు ఢిల్లీలో టీవీలో ఒక ప్రశ్నల పోటీ చూశారట. గ్రీకు దేవతల సంగతులు టకటకా చెప్పిన పిల్లలు, రాముడి తల్లి ఎవరంటే నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ బాధే అమర్ చిత్రకథకు మూలం. "అయితేనేం, కౌసల్య పేరు చెప్పటానిక్కూడా పద్ధతి అరువు తెచ్చుకోవాలా?" అంటారు మావారు. అరువో సొంతమో తేలాలంటే లేపాక్షి గుడిలో తల పైకెత్తి చూడాలి.

చిక్కేమిటంటే అక్కడ ఎవరూ తల ఎత్తరు. వీరభద్రస్వామి గుడిలో ఒక స్తంభం అడుగు నేలకు పూర్తిగా ఆనదు. జనమంతా దాని చుట్టూ మూగి, క్రిందనుంచి తువ్వాలో పైటచెంగో దూర్చి ఇటునుంచి అటు లాగుతారు. ఫోటో దిగుతారు. ఊరి మొదట్లో ఉన్న బసవన్న దగ్గర ఇంకో ఫోటో. సుమారు 27 అడుగుల పొడవూ, 15 అడుగుల ఎత్తూ ఉన్న ఏకశిల ఆయన. చూడవలసినవాడే, కాదనను. చిత్రకారుడూ కవీ అయిన అడివి బాపిరాజు గారు ఆయనమీద పాటే కట్టారు. కానీ స్తంభాన్నీ బసవన్ననీ చూసి బస్సెక్కినవాళ్ళు, పుస్తకం అట్ట చూసి అలమారలో పెట్టేసినట్టే.

ఈ గుడి విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో, అంటే 1529-1542 మధ్య, ఈ రూపానికొచ్చింది. పెనుకొండ సీమలో అధికారులైన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. మంటపాల కప్పులకు సున్నపు గార పూసి, దానిమీద కథలు వేయించారు. కాషాయపు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, సున్నపు తెలుపు. దాదాపు అంతే, మన ముగ్గుపలకల్లో ఉండే రంగులకంటే తక్కువ. నీలం కనబడదు. బద్దీల్లాగా పొడుగ్గా గీసుకుని, అంచులకు పూలతీగలు వేసి, ఒక్కో బద్దీలో ఒక్కో కథ నడిపించారు. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, శివపార్వతుల పాచికలాట, మర్రాకు మీద బాలకృష్ణుడు ఉన్నాయి. లోపలి మంటపం కప్పు మీద వీరభద్రుడు ఒక్కడే సుమారు 24 అడుగులున్నాడు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మనునీతి చోళుడి కథ. తిరువారూరు కథ అది. న్యాయం కావలసినవాళ్ళు మోగించటానికి రాజు గంట కట్టించాడు. రాకుమారుడి రథం క్రింద దూడ పడి చచ్చిపోతే, తల్లి ఆవు వచ్చి గంట లాగింది. రాజు తన కొడుకునీ అదే రథం క్రింద వెయ్యమన్నాడు. చివరికి శివుడు ప్రత్యక్షమై ఇద్దర్నీ బతికించాడు. ఇదంతా ఒకే వరుసలో ఉంది. ఒకే రాజు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు. మనం నడిస్తే కథ నడుస్తుంది, ఆగితే ఆగుతుంది.

"మరి మాటల బుడగలేవీ అమ్మమ్మా?" అన్నాడు మావాడు.

"చేతులు చూడరా" అన్నాను. ఒకరి వేలు చూపిస్తోంది, ఒకరి అరచెయ్యి వద్దంటోంది, ఒకావిడ చెయ్యి బుగ్గమీద. కాసేపు చూసి వాడే కథ చెప్పటం మొదలెట్టాడు. మావారు కళ్ళజోడు తుడుచుకుని మరీ విన్నారు.

ఆ రోజుల్లోనూ ఎవరో ఒకరు వచ్చినవాళ్ళకు వేలుపెట్టి చూపించి కథ చెప్పే ఉంటారని నా ఊహ. బొమ్మకు గొంతు తోడుచెయ్యటం మనకు కొత్త కాదు. ఇప్పటి సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఎర్రరంగు పూసిన పొడుగాటి గుడ్డమీద వరుసగా కథంతా వేస్తారు. కథకులు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, కర్రతో చూపిస్తూ, వాద్యాలతో పాడతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివారు అలాగే వినిపించేవారు. లేపాక్షిలో గాయకులు లేరుగానీ, నాట్యమంటపం స్తంభాల నిండా మేళమే ఉంది. రంభ ఆడుతోంది. తుంబురుడు వీణ పట్టుకున్నాడు, బ్రహ్మ మద్దెల దగ్గరున్నాడు. మూడుకాళ్ళ భృంగి నట్టువాంగం. రాతి కచేరీ క్రింద, రంగుల కథలు పైన!

ఇక చీరల సంగతి. నేను చెప్పకపోయినా మీరు అడుగుతారు. పైనున్న ఆడవాళ్ళలో ఏ ఇద్దరి చీరా ఒకలా ఉన్నట్టు నాకు తోచలేదు. గళ్ళు, అడ్డచారలు, చుక్కలు, పువ్వులు, వెడల్పు అంచులు. కొప్పులు చూస్తే కుళ్ళు పుడుతుంది. మగవాళ్ళ తలల మీద పొడుగాటి కుళ్ళాయిలు. కర్ణాట కొలువుకు వెళ్ళటానికి శ్రీనాథుడు విసుక్కుంటూ పెట్టుకున్నాడని చెప్పే కుళ్ళాయి ఇదేనన్నమాట. దాదాపు 500 ఏళ్ళనాడు ఈ సీమలో కలిగినవాళ్ళు ఏం కట్టుకున్నారో చూపించే బట్టల పెట్టె ఇది. గుడ్డ చివికిపోయింది, బొమ్మ మిగిలింది. అవతల లతామంటపం స్తంభాల మీది నగిషీల్ని చీరల అంచులకు ఎత్తుకుంటున్న నేతగాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

కట్టించిన అన్నదమ్ములు కూడా పరివారంతో సహా పైనే ఉన్నారు. రాజు సొమ్ము ఖర్చుపెట్టాడని నింద పడితే విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకు విసిరాడని కథ. ఆ ఎర్రమరకలు చూపించటానికి అక్కడ అందరూ సిద్ధమే. వేసినవాళ్ళ పేరడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. చందమామలో బొమ్మ చూసి "ఇది శంకర్, ఇది వపా" అని పోల్చుకున్న తరం మనది. బొమ్మ మూలన సంతకం ఉండేది. ఇక్కడ విక్రమార్కుడి భుజం మీది బేతాళుడంత సజీవంగా గీసినవాళ్ళకి పేరే లేదు.

గుడి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. రంగులు దానికోసం ఆగవుగా! కొన్నిచోట్ల గార పెచ్చులూడింది. కొందరు ఆడవాళ్ళకు చీర గళ్ళు మిగిలాయిగానీ ముఖాలు చెరిగిపోయాయి. ఈసారి మా అమ్మాయినీ తీసుకెళ్ళి, మిగిలిన అంచులన్నీ ఒక నోటుపుస్తకంలో గీయించాలనుకుంటున్నాను. మీరు వెళితే ఎండ బాగా ఉన్న పూట వెళ్ళండి. చేతిసంచీలో కాస్త పెద్ద అద్దం ఒకటి వేసుకోండి. దాన్ని అరచేతిలో వెల్లకిలా పట్టుకుని చూసుకుంటూ నడిస్తే మెడనొప్పి రాదు. అద్దంలో కుడి ఎడమలు తారుమారై కథ వెనక్కి నడిచినట్టుంటుంది, అది మాత్రం సర్దుకోవాలి.