పోలీసు జట్టుకు బడిపంతులు

ఏ క్లబ్బు కొత్త కోచ్‌ను పెట్టుకున్నా మా అనంతపురం పిల్లలు నన్ను మొదట అడిగేది, “ఏ దేశమాయన సార్?” అని. డ్రిల్లు సారుగా ఇటుక మాదిరి గట్టిపడిన ఎర్రనేల మీద బంతాట నేర్పినవాణ్ణి. నేను వాళ్లకు చెప్పేది 1950 నాటి సంగతి.

ఆ ఏడు హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు పగ్గాలు సయ్యద్ అబ్దుల్ రహీం చేతికొచ్చాయి. ఆయన పోలీసు కాదు, కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పిన పంతులు. బస్తీ మైదానాల్లో ఏ పిల్లవాడి కాలు ఎటు తిరుగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన పద్ధతులు ఇప్పటికీ నాకు పాఠాలే. బంతిని కాళ్లకు అంటిపెట్టుకుని ఒక్కడే పరిగెత్తే అలవాటు మాన్పించడానికి, డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టాడు. కుడికాలివాటం వాళ్లను ఎడమకాలితోనే తన్నమనేవాడు. దీనికి ఖర్చేముంది? ఒక బంతి, ఓపిక చాలు. అమ్ముగూడ పేదపిల్లవాడు తులసీదాస్ బలరాంను సాధనకు రప్పించడానికి సైకిలు అద్దె తానే ఇచ్చాడు.

1950లో అనంతపురం మద్రాసు రాష్ట్రంలోది, హైదరాబాద్ వేరే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సరిగ్గా నెలకు, 1956 డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. ఆ జట్టులోని అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం, అందరూ హైదరాబాద్ మైదానాల పిల్లలే. మనం నాలుగో స్థానంలో నిలిచాం. అంతకు నాలుగేళ్ల ముందు హెల్సింకీలో ఇదే రహీం జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. ఇప్పటి క్లబ్బయితే ఆ రాత్రే ఆయన్ను సాగనంపేది. అప్పుడు అట్టిపెట్టుకున్నారు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం వచ్చిందంటే ఆ ఓపిక ఫలమే. మరుసటి జూన్‌లో క్యాన్సర్‌తో ఆయన పోయాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్ మళ్లీ ఆ ఎత్తుకు చేరలేదు.

విదేశీ కోచ్ వద్దని నేననను. 2020లో ఆల్బర్ట్ రోకా బార్సిలోనా పిలుపందుకుని వెళ్లిపోతే, హైదరాబాద్ ఎఫ్‌సీ మనోలో మార్క్వెజ్‌ను తెచ్చుకుంది. మొదటి ఏడు ఐదో స్థానం. ఓర్చుకున్నారు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు ఎత్తారు. మార్క్వెజ్‌దీ బార్సిలోనాయే, 1969లో మా కరువుసీమకు వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ)ను నిలబెట్టిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్‌దీ బార్సిలోనాయే. ఫెర్రర్ నలభై ఏళ్లు ఇక్కడే ఉన్నారు కాబట్టే ఆర్‌డీటీ మైదానాల్లో ఈరోజు శెనక్కాయ రైతుల ఆడపిల్లలు కూడా బూట్లు వేసుకుని ఆడుతున్నారు.

క్లబ్బులు నడిపే పెద్దలకు నా మనవి. కోచ్ పేరు ప్రకటించేటప్పుడు ఆయన వెంట మన జిల్లాల నుంచి ఇద్దరు కుర్ర శిక్షకులను పెట్టండి. ఆయనకు కనీసం నాలుగేళ్లు ఇవ్వండి. రహీంకు హెల్సింకీ నుంచి మెల్‌బోర్న్‌కు పట్టింది అంతే.