కోస్తా వేసవి: పడమటి గాలి, తూర్పు గాలి

మన పెద్దలు వేసవిని తేదీలతో గాక కార్తెలతో లెక్కించిరి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత. దీనిని పల్లెటూరి అతిశయోక్తిగా నెంచువారు కలరు. అట్టివారికి నాలుగు వందల యేండ్ల నాటి సాక్ష్య మొకటి చూపవచ్చును.

1611లో ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్టణమున తమ వర్తకస్థానమును నెలకొల్పిరి. మరి కొన్ని యేండ్లకు అచ్చటికి వచ్చిన విలియం మెత్‌వోల్డు అను నుద్యోగి గోలకొండ రాజ్యమును గూర్చి వృత్తాంత మొకటి వ్రాసెను. అది 1626లో లండనులో అచ్చుపడినది. వజ్రపు గనులను గూర్చి యతడు వ్రాసిన భాగము ప్రసిద్ధము. ఎండలను గూర్చినది చదువువారు తక్కువ. మే నెల నడుమ సూర్యునికంటెను వేడియైన పడమటి గాలి వీచునని, మూసిన గదులలోని కుర్చీలు సైతము కాగిపోవుటచే నేలమీదను గోడలమీదను నీరు చల్లవలసి వచ్చునని యతడు చెప్పినాడు. ఆ గాలి ఐదారు దినములు, మిక్కిలి హెచ్చైన పండ్రెండు దినములు మాత్రమే యుండును. అదియు ఉదయము తొమ్మిది పది గంటలు మొదలు సాయంకాలము నాలుగైదు గంటల వరకే. పిమ్మట సముద్రపు గాలి వచ్చి చల్లబరచును. ఈలోపల దేశీయులు పెక్కుమంది చనిపోదురట. ఆ యెండలో బాటపట్టిన డచ్చివా డొకడు, ఇంగ్లీషువా డొకడు కూడ ప్రాణములు గోల్పోయిరట.

నాటి ఇంగ్లండులో పాత పంచాంగమే వాడుక. నేటి తేదీకి పది దినములు కలుపవలెను. అప్పుడు మే నడుమ యన్నది మే 25 ప్రాంతమగును. అది మన రోహిణి కార్తెయే గదా!

మెత్‌వోల్డు గడియారము చూచి వ్రాసిన యా సముద్రపు గాలియే కోస్తావారికి ప్రాణాధారము. పగటి యెండకు నేల సముద్రముకంటె త్వరగా కాగును. నేలమీది గాలి తేలికయై పైకి లేచును. దాని చోటికి కడలిమీది చల్లగాలి వచ్చును. పడమటి గాలి బలముగా నున్న దినమున నిది తీరమునందే నిలిచిపోవును. ఎంత యాలస్యమైన అంత ముప్పు. 2015 మే నెలాఖరున నిదియే జరిగినది. ఆ వేసవిలో ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి. వారిలో కూలినాలి చేసుకొనువారు, వృద్ధులు అధికము. మెత్‌వోల్డు కాలమునను బాటలమీద నున్నవారే పోయిరి.

సముద్రపు గాలి మెల్లగిల్లినచో ఉక్కపోత. రెంటచింతల యెండతో పోల్చి మన యూరి యెండ తక్కువని నిర్లక్ష్యము చేయువారిని నేను చూచినాను. దేహమును చల్లబరచునది చెమట గాదు, చెమట ఆరుట. తేమ నిండిన గాలిలో అది యారదు. కావుననే వాతావరణ శాఖవారు రెండు ఉష్ణమాపకముల నుంచి, ఒకదానికి తడిగుడ్డ చుట్టి, రెంటి భేదమును చూతురు. మన తీరమున శాస్త్రీయముగా వాతావరణమును గుర్తించిన తొలివారిలో విశాఖపట్టణమున 1840 ప్రాంతమున స్వంత ధనముతో వేధశాల నిర్మించిన గోడే వెంకట జగ్గారావుగారి కుటుంబము ముఖ్యము. ఆయన యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పనిని కొనసాగించిరి. ప్రభుత్వ వాతావరణ శాఖ యేర్పడినది 1875లో మాత్రమే.

పడమటి పొడిగాలియు తూర్పు తేమగాలియు ఎదుర్పడిన సాయంకాలములందు మబ్బు కొండవలె లేచును. వానతోపాటు పైనుండి దిగు చల్లని గాలి నేలను తాకి నలుదెసల పరచుకొనుటచే, చినుకు పడకమునుపే ఈదురుగాలి వచ్చి పందిళ్ళను లేపుకొనిపోవును. 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటలలో ఆంధ్రప్రదేశమున 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థవారు లెక్కించిరి. ఇప్పుడు పిడుగుల హెచ్చరిక చేతిలోని ఫోనుకే వచ్చుచున్నది. మా చిన్నతనమున నట్టిది లేదు. తొలి యీదురుగాలికే రాలిన మామిడికాయల కొరకు, మబ్బు ఇంకను ఉరుముచుండగనే, గంపలు పట్టుకొని చెట్లక్రిందికి పరుగెత్తెడివారము. పెద్దలును మా వెనుకనే వచ్చెడివారు.