నూటికి నూరు

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో చిన్న పొడుం తయారీదారు కష్టాలకు ఇది కథారూపం. యజమాని, అతని చుట్టూ ఉన్న మనుషులు, వాళ్ల మాటలు కల్పించినవి. చట్టాలు, తేదీలు, పన్నులు యథార్థం.)

2017 జూన్ 30 రాత్రి. ఢిల్లీలో పార్లమెంటు సెంట్రల్ హాలు వెలిగిపోతోంది. అర్ధరాత్రి దాటితే జీఎస్టీ. తెనాలిలో ఓ పొడుం కంపెనీ యజమాని టీవీ కట్టేసి ఆడిటరుగారి వైపు తిరిగాడు.

"మనకెంతండీ?"

"జీఎస్టీ ఇరవై ఎనిమిది శాతం. పైన సెస్సు డెబ్బై రెండు."

"అంటే..."

"నూటికి నూరు. వంద రూపాయల సరుకు బిల్లులో రెండొందలు."

"చిన్నవాళ్లకి తక్కువ పన్నుతో సరిపెట్టే కాంపోజిషన్ పథకం ఉందంటున్నారుగా?"

"హోటళ్లకీ, కిరాణా కొట్లకీ ఉంది. పొగాకు సరుకు తయారుచేసేవాళ్లకి లేదు."

కంపెనీ అంటే ఇంటి వెనక రెండు గదులు, ఓ మర, ఆరుగురు ఆడకూలీలు. ఎండిన పొగాకు ఈనెలు తీసి, ఆకు దోరగా వేయించి, మరపట్టి, గుడ్డలో జల్లించి, సున్నం, నెయ్యి కలిపితే పొడుం. తండ్రి హయాంలో ఎండు అరటిపట్టలో పొట్లాలు కట్టేవాళ్లు. పొద్దున్నే రేపల్లె బండెక్కితే వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన, ప్రతి ఊళ్లోనూ ఓ ఖాతా కొట్టు. మెయిన్ లైన్లో బాపట్ల, అక్కణ్ణుంచి సూర్యలంక. ఈ వారం సరుకు, వచ్చే వారం డబ్బు.

మొదటి దెబ్బ 1992 ఏప్రిల్ 30న తగిలింది. పళ్లపొడిలో, టూత్‌పేస్టులో పొగాకు కలపడాన్ని కేంద్రం నిషేధించింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో కోర్టు నిషేధాన్నే సమర్థించింది. తండ్రి పొగాకు పళ్లపొడి ఆపేసి ముక్కుపొడుంతోనే నెట్టుకొచ్చాడు. 2009 మే 31 నుంచి డబ్బా మీద హెచ్చరికగా తేలు బొమ్మ వచ్చింది. 2016 ఏప్రిల్ 1 నుంచి హెచ్చరికకే 85 శాతం చోటు వదలాలి. అచ్చేయించి పెట్టుకున్న లేబుళ్లు కట్టలకు కట్టలు మూలపడ్డాయి. ఆ ఖర్చు పెద్ద కంపెనీకి లెక్కలోకి రాదు. ఇతనికి ఆ ఏడు మిగులు మొత్తం అందులోనే పోయింది.

ఇప్పుడిది. జులైలో రేపల్లె వెళ్లాడు.

"అన్నయ్యగారూ, ఈ రేటుకి ఎవరు కొంటారు? బిల్లు లేకుండా ఇవ్వండి, పాత రేటుకే దించుకుంటా" అన్నాడు కొట్టాయన.

"దొంగ సరుకు మా ఇంటా వంటా లేదు తమ్ముడూ."

"మీరు కాకపోతే ఇంకొకరిస్తారు."

ఆ మాట నిజమేనని ఇద్దరికీ తెలుసు. సంచీ దించకుండానే తిరిగొచ్చాడు.

బాపట్లలో వసూలుకి వెళ్తే, ఖాతా కొట్టు పెద్దమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. ఇతని పొడుమే ఆమె ఏళ్ల తరబడి చిగుళ్లకి రాసుకునేది.

"పుండు మానట్లేదు అబ్బాయ్. గుంటూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు."

"పొడుం మానేశావా పెద్దమ్మా?"

"అది రాస్తేనేగా నొప్పి తెలవనిది!"

పొగలేని పొగాకు నోటి క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అప్పటికి చాలా ఏళ్ల ముందే తేల్చింది. దేశంలో పెద్దవాళ్లలో 21.4 శాతం మంది దాన్ని వాడుతున్నారని 2016-17 జాతీయ సర్వే చెప్పింది. ఆ లెక్కలు అతనికి తెలియవు. పెద్దమ్మ తెలుసు. బాకీ అడక్కుండా బస్సెక్కాడు.

నెల తిరక్కుండా మర ఆపేశాడు.

"మా సంగతేంటి బాబుగారూ?" అన్నారు కూలీలు.

"పసుపు మరపడదాం. దుగ్గిరాల యార్డు పక్కనేగా."

పొగాకు ఘాటు పట్టిన మరలో తిండి సరుకు వెయ్యకూడదు. కొత్త మర కావాలి, ఆహార భద్రత లైసెన్సు కావాలి, అన్నిటికీ ముందు అప్పు కావాలి. పొడుం లెక్కలు చూసి అప్పిచ్చే బ్యాంకు దొరకలేదు.

పొగాకు నియంత్రణపై ప్రపంచ ఒప్పందాన్ని మన దేశం 2004 ఫిబ్రవరిలో ఆమోదించింది. రైతులకు, కార్మికులకు, అవసరాన్ని బట్టి చిల్లర అమ్మకందార్లకు వేరే బతుకుతెరువు దొరికేలా ప్రోత్సహించాలని అందులోని 17వ అధికరణం చెబుతోంది. యజమాని ప్రస్తావన అక్కడ లేదు. ఉండాలని నేనూ అనను. పెద్దమ్మ నోట్లో పుండు చూశాక ఈ సరుకు బతకాలని ఎవరనగలరు? కానీ ఆకు వేయించిన ఆ ఆరుగురి మాటేమిటి? వాళ్లు కార్మికులే కదా? డెబ్బై రెండు శాతం సెస్సు పెట్టింది రాష్ట్రాల ఆదాయ నష్టం పూడ్చడానికి. పెద్దమ్మ వైద్యానికో, ఆ కూలీల కొత్త పనికో అందులో వాటా రాసిపెట్టలేదు.

పొడుం పోవాలి. దాన్ని నమ్ముకున్న కూలీలు మాత్రం రోడ్డున పడకూడదు. పొగాకు మీద వచ్చే పన్నులో కొంత ఇలాంటి మరలు మార్చడానికీ, ఆ చేతులకు పని నేర్పడానికీ విడిగా తీసిపెట్టాలి. ఒప్పందం మీద సంతకం చేసిన ప్రభుత్వానికి అది దయాధర్మం కాదు, తీర్చాల్సిన బాకీ.